జోగులాంబ, జాయింట్ కలెక్టర్, యోక్ నెక్: ఒక ధాతువు కేసు

మాటల పుట్టుపూర్వోత్తరాలు చూసిపెట్టమని నా దగ్గరికి వచ్చే పనుల్లో సగానికి సగం విసుగు పుట్టించేవే. "మా ఊరి పేరుకు సంస్కృతంలో మంచి అర్థం చెప్పండి" అనేవాళ్లు కొందరు, "ప్రపంచ భాషలన్నీ తెలుగు నుంచే పుట్టాయని రాసివ్వండి" అనేవాళ్లు కొందరు. ఈ కేసు అలాంటిది కాదు, అందుకే మొత్తం రాస్తున్నా. దేవరకొండ వైపు పల్లె నుంచి వచ్చి నల్లగొండలో ఎం.ఏ. తెలుగు చదువుతున్న ఒక అమ్మాయి ప్రాజెక్టు ఇది. మూల ఇండో-యూరోపియన్ అంటే సంస్కృతం, గ్రీకు, లాటిన్, ఇంగ్లీషు లాంటి భాషలన్నిటికీ తల్లి అని లెక్కగట్టిన భాష. అందులోంచి ధాతువు, అంటే మాటల వేరు, ఒకటి తీసుకుని, దాని సంతానం తన ఇంట్లో, ఊళ్లో, కాలేజీలో ఏయే వేషాల్లో తిరుగుతోందో చూపించాలి. ఆమె పట్టుకున్నది *యెవ్గ్. కలపడం, జత చేయడం అని అర్థం, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే పశువులను కాడికి కట్టడం.

ధాతువు ముందున్న చుక్క గుర్తు (*) సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఆ రూపం ఏ తాళపత్రంలోనూ, ఏ రాతి మీదా దొరకలేదు, కూతురు భాషలను పక్కపక్కన పెట్టి లెక్కగట్టి తేల్చింది అని దాని అర్థం. చుక్క లేకుండా రాస్తే వైవాలో మార్కులు పోతాయి.

ఆమె తెచ్చిన చార్టు చూడ్డానికి బాగుంది. పైన ధాతువు, కింద సంస్కృతం, లాటిన్, గ్రీకు, ఇంగ్లీషు, సంస్కృతం కింద తెలుగు, తెలుగు కింద గుత్తుగా యోగం, ఉద్యోగం, ఉగాది, జోగి, జోగడం, జోడు, యుద్ధం, యువత, కాడి, నొగ. అన్నిటికీ ఒకే నీలం పెన్నుతో గీతలు. "సార్, ఇంకా కొన్ని పడ్తయి కిందికి, జాగ చాలలే" అంది. జాగా సంగతి తర్వాత, ముందు ఆ గీతల సంగతి తేలాలి అన్నాను.

చార్టులో అన్నిటికన్నా పెద్ద చిక్కు తెలుగును సంస్కృతం కింద వేలాడదీయడం. అది ఈరోజు తేలిన విషయం కూడా కాదు. తెలుగు సంస్కృతానికి పుట్టిన భాష కాదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని మద్రాసులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే ఆధారాలతో చూపించాడు, అది క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా అచ్చయింది. తమాషా ఏంటంటే జర్మనీలో ఫ్రాంజ్ బాప్ సంస్కృత, గ్రీకు, లాటిన్, పారశీక, జర్మానిక్ క్రియారూపాలను పోల్చి పుస్తకం వేసిందీ అదే 1816లో. రెండు కుటుంబాల లెక్కలూ ఒకే ఏడు మొదలయ్యాయి, మనవాళ్లకు మాత్రం ఇప్పటికీ రెండూ కలిపి చదవాలనే ఉబలాటం.

కాబట్టి గీతలు రెండు రకాలు చేయించాను. అమ్మ నుంచి బిడ్డకు నోటి మాటగా ఆగకుండా వచ్చిన చోట నిండు గీత. ఒక భాష నుంచి ఇంకో భాష అప్పు తెచ్చుకున్న చోట చుక్కల గీత. అలా గీస్తే తెలుగులోకి దిగే గీతల్లో నిండుది ఒక్కటీ ఉండదు. ఆ అమ్మాయి ముఖం కాస్త వాడింది గానీ, నన్నడిగితే కేసు అసలు రుచి అక్కడే మొదలవుతుంది. అన్నీ అప్పులే అయినప్పుడు ఏ అప్పు ఎవరి దగ్గర, ఏ దారిన వచ్చిందన్నది ఒక్కో మాటకూ విడిగా తేల్చాలి.

ధాతువు గట్టిదేనా

దారుల జోలికి పోయే ముందు వేరు నిలబడుతుందో లేదో చూసుకోవాలి. కాడి అనే అర్థంలోనే సంస్కృతంలో యుగం, లాటిన్‌లో యుగుమ్, గ్రీకులో జ్యుగోన్, హిట్టయిట్‌లో యుగన్, గోథిక్‌లో యుక్, లిథువేనియన్‌లో యుంగస్, పాత స్లావిక్‌లో ఇగో, ఇంగ్లీషులో యోక్. వీటన్నిటికీ తల్లి రూపం *యుగొమ్. ఇన్ని శాఖల్లో ఒకే వస్తువుకు ఒకే మాట మిగలడం అరుదు. హిట్టయిట్ సాక్ష్యం మరీ విలువైనది, ఎందుకంటే ఆ భాష మట్టి పలకల మీద క్రీస్తుకు వెయ్యేళ్లకు పైగా ముందే ఆగిపోయింది, దాన్ని చెక్ పండితుడు హ్రోజ్నీ చదివి ఇండో-యూరోపియన్ అని చెప్పింది 1915లో, అప్పటికి ఈ ధాతువు పుస్తకాల్లో ఎప్పుడో కుదురుకుని ఉంది.

పోలిక కన్నా తేడా ముఖ్యం, ఈ పనిలో పిల్లలకు నేను పదేపదే చెప్పేది అదే. సంస్కృతంలో, లాటిన్‌లో గ ఉన్న చోట గోథిక్‌లో, ఇంగ్లీషులో క ఉంది. ఇది ఈ ఒక్క మాటకే జరిగి ఉంటే అనుమానించాలి. కానీ జాను అన్న చోట ఇంగ్లీషులో నీ, జ్ఞా అన్న చోట నో, జన అన్న చోట కిన్. నీ, నో పలకడంలో క పోయింది గానీ స్పెల్లింగులో ఇప్పటికీ కూర్చునే ఉంది. దీన్నే జర్మన్ పండితుడు గ్రిమ్ 1822లో సూత్రంగా పెట్టాడు.

ఇక్కడ చురుకైన విద్యార్థి ఒక ప్రశ్న అడగాలి, ఈ అమ్మాయి అడిగింది. "సార్, జాను, జ్ఞా, జన అన్నిట్ల జ వచ్చింది గదా, మరి యుగంల గ ఎట్లొచ్చింది?" మూలభాషలో గ-లు ఒకటి కన్నా ఎక్కువ. అంగిలి ముందు భాగంలో పలికే గ ఒకటి, అది సంస్కృతంలో ఎక్కడైనా జ అయిపోతుంది. వెనక పలికే మామూలు గ ఇంకొకటి, అది గ-గానే ఉంటుంది. యుగంలో గ మిగిలింది కాబట్టి మన ధాతువు చివర ఉన్నది మామూలు గ. బాగుంది, మరి యోజనలో జ ఎందుకుంది? యోగ, యోజన రెండూ ఒకే ధాతువు కదా. నాకు ఈ మొత్తం శాస్త్రంలో ప్రాణం పెట్టేసే చోటు ఇది. మామూలు గ పక్కన ఎ అచ్చు ఉంటే అది మెత్తబడి జ అయింది, ఒ ఉంటే గ-గానే ఆగింది. యోగలో గ తర్వాత పూర్వం ఒ ఉండేది, యోజనలో ఎ ఉండేది. ఆ తర్వాత సంస్కృతంలో ఆ ఎ, ఒ రెండూ కలిసిపోయి అ అయ్యాయి. కారణం మాయమైంది, దాని గుర్తు మాత్రం హల్లు మీద మిగిలిపోయింది. మన నియోజకవర్గంలో జ, మన ఉద్యోగంలో గ, వేల ఏళ్ల కిందట చెరిగిపోయిన అచ్చుల జాడలు. తెలుగు మాట్లాడే ప్రతివాడూ రోజూ ఆ రెండు జాడలనూ మోస్తూనే ఉన్నాడు.

గ్రీకులో మొదటి య ఎందుకు జ్య అయింది, వేరే మాటల్లో హ ఎందుకైంది అన్నది పెద్ద పంచాయితీ. ఈ ప్రాజెక్టుకు దానితో పనిలేదు, వదిలేయమన్నాను.

అర్థం సంగతికి వస్తే, కాడి అన్న అర్థం మొదట్నుంచీ ఉన్నదే అనడానికి ఋగ్వేదం చాలు. పదో మండలం 101వ సూక్తంలో "యునక్త సీరా వి యుగా తనుధ్వమ్" అని ఉంది, నాగళ్లు పూన్చండి, కాడులు పరచండి అని. ఒకే పాదంలో క్రియా, నామవాచకమూ రెండూ, అదీ దుక్కి దున్నే సందర్భంలో. ఆ కాడి నుంచే జత అనే అర్థం, ఒకే కాలంలో కలిసి నడిచే తరం అనే అర్థం, చివరికి 4,32,000 ఏళ్ల కలియుగం. యోజన అంటే ఎడ్లను ఒకసారి కట్టి విప్పకుండా వెళ్లగలిగినంత దూరం. లాటిన్‌లో యుగెరుమ్ అంటే ఒక జత ఎడ్లు ఒక రోజులో దున్నే భూమి. మన దగ్గర కూడా పెద్ద రైతు అని చెప్పాలంటే ఎకరాలు కాకుండా "నాలుగు నాగండ్ల ఎవుసం" అనేవాళ్లు, కొలిచే పద్ధతి అదే.

ఏ దారిన వచ్చాయి

పుస్తకాల దారి అందరికీ తెలిసిందే. ఉద్యోగం, వియోగం, ప్రయోగం, ఉపయోగం, అభియోగం, ప్రయోజనం, యోగ్యత, యుక్తి, సంయుక్త, నియోజకవర్గం, 2015లో వచ్చిన నీతి ఆయోగ్. ఇవన్నీ సంస్కృతం నుంచి ఉన్నవి ఉన్నట్టు దిగినవి, మన వ్యాకరణాలు తత్సమాలు అన్నవి. ఉత్సాహంగా రెండు పేజీలు నింపేసింది, ఒకటిన్నర పేజీ కొట్టేయించాను. "వానికి యోగం ఉన్నది" అని ఊళ్లో అనే మాటను మాత్రం ఉంచాను, అది బడి నుంచి రాలేదు, పంచాంగం నుంచి వచ్చింది. గ్రహాలు కలవడం నుంచి అదృష్టం దాకా.

రెండో దారి ప్రాకృతం. ఈ ప్రాంతంలో ప్రాకృతం అంటే గాలి కబురు కాదు. సూర్యాపేట దగ్గర ఫణిగిరిలో, కృష్ణ అవతల నాగార్జునకొండలో బౌద్ధులు రాయించిన శాసనాలు చాలావరకు ప్రాకృతంలోనే ఉన్నాయి. ప్రాకృతానికి ఒక గట్టి అలవాటు ఉంది, పదం మొదటి య-ని జ చేస్తుంది. యోగి అక్కడ జోగి. తెలుగులో జోగి ఉంది, "జోగీ జోగీ రాసుకుంటే బూడిద రాలిందట" అన్న సామెతా ఉంది. కానీ ఒక్క మాట చూపించి సూత్రం అనకూడదు కాబట్టి, అలాంటివే తన నోట్లో ఇంకేమున్నాయో వెతకమన్నాను. యాత్ర జాతర అయింది, చెర్వుగట్టు జాతర, కురుమూర్తి జాతర, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర. యామం జాము అయింది. యముడు జముడు, యజ్ఞం జన్నం, యంత్రం జంత్రం, యౌవనం జవ్వనం. వరుస తప్పకుండా పడుతోంది. ఇప్పుడు జోగి పక్కన చుక్కల గీత గీసి "ప్రాకృతం ద్వారా" అని ధైర్యంగా రాయొచ్చు.

ఆ సూత్రం దొరికాక పాలమూరు వైపు చూస్తే ఏకంగా ఒక జిల్లా పేరే ఇందులో పడుతుంది. 2016 అక్టోబరు 11న ఏర్పడ్డ జోగులాంబ గద్వాల. అలంపురం అమ్మవారి పేరు జోగులాంబ, యోగుల అమ్మ అని అక్కడ చెప్పే వివరణ. స్థలపురాణాల వ్యుత్పత్తులంటే నాకు మామూలుగా పడదు, వందలో తొంభై పేరు పెట్టాక కట్టిన కథలే. ఇక్కడ మాత్రం ధ్వని సూత్రం ఆ వివరణకు అడ్డం రావడం లేదు. జోగు అన్న రూపమూ, వెనక బహువచనమూ, అంబా, అన్నీ ఎక్కడివక్కడ సరిపోతున్నాయి. చార్టులోకి రానిచ్చాను. జోగిని అన్న మాటా ఇదే దారిది. దాని అర్థం ఈ జిల్లాల్లో ఎంత బరువైందో, దాన్ని ఆపడానికి 1988లో చట్టమే ఎందుకు చేయాల్సి వచ్చిందో వేరే రాయాలి. చార్టులో మాత్రం యోగిని పక్కన పెట్టి ఊరుకున్నాం.

ఉగాది ఈ రెండు దారుల్లో దేనిలోనూ చక్కగా ఇమడదు. యుగ, ఆది కలిస్తే యుగాది, సంస్కృతంలో ఉన్నట్టే. ప్రాకృతం అలవాటు ప్రకారం జ రావాలి, రాలేదు, య పూర్తిగా రాలిపోయింది. అచ్చ తెలుగు మాటలు య-తో మొదలుకావు, రాసేటప్పుడు యెద్దు అన్నా అది ఎద్దే. కాబట్టి పుస్తకం మాటను ఊరి నోరు తనకు అలవాటైన తీరులో పలికితే మిగిలింది ఉగాది. ఆ పండగ పేరులో ఉగ, ఇంగ్లీషు యోక్ ఒకే *యుగొమ్ బిడ్డలన్న సంగతి తరగతిలో చెబితే వెనక బెంచీలు కూడా తలెత్తుతాయి.

ఉర్దూ, హిందీ దారి చిన్నది. కాడిని హిందీలో జువా అంటారు, యుగ నుంచే నేరుగా వచ్చింది, గ కూడా అరిగిపోయింది. జూదం జువాకు దీనికీ సంబంధం లేదు, అది వేరే మాట. పొలం దున్నడాన్ని జోత్‌నా అంటారు, కాడికి కట్టే తోలు పట్టీ యోక్త్రం నుంచి. ఇవి మన పొలాల్లో నాటుకోలేదు, మన రైతుకు కాడీ, దున్నుడూ ఉండగా వాటితో అవసరం పడలేదు.

ఇంగ్లీషు దారి మాత్రం చాలా రద్దీ. లాటిన్ యుంగెరె ఫ్రెంచిలో జ్వాన్‌డ్ర్, ఇంగ్లీషులో జాయిన్. అక్కణ్నుంచి జాయింట్, జంక్షన్, కలెక్టరేట్‌లో జాయింట్ కలెక్టర్. కంజంక్టివైటిస్, అంటే కంటిరెప్పనూ గుడ్డునూ కలిపే పొరకు వచ్చిన వాపు, మన కళ్లకలక. బైపీసీ పిల్లల జైగోట్ గ్రీకు నుంచి, కాడికి కట్టినది అనే అర్థంలోంచి. అడ్జస్ట్ సంగతి కాస్త తికమక. లాటిన్ యుక్స్టా, అంటే పక్కపక్కన, దీని నుంచి ఫ్రెంచిలో పుట్టిన మాట అది, మధ్యలో న్యాయం అనే అర్థమున్న యుస్తుస్ దాంట్లో కలగలిసింది. అందుకే "బస్సుల జర అడ్జస్ట్ కాండ్రి" అన్నదాన్ని చిన్న అక్షరాల్లో రాయించాను.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. జోగిలో జ, జాయింట్‌లో జ, రెండూ పాత య నుంచే. చూడగానే అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. కానీ ఒక జ ఇక్కడి ప్రాకృతాల్లో పుట్టింది, ఇంకో జ ఆ తర్వాత యూరప్‌లో, లాటిన్ విరిగి ఫ్రెంచి అయ్యే దారిలో పుట్టింది. ఒకదానికొకటి తెలియకుండా ఒకే మార్పు రెండు చోట్ల జరిగింది. ఆ జ చూసి చుట్టరికం కలిపితే, సమాధానం ఒప్పే వస్తుంది, లెక్క మాత్రం తప్పు.

యోక్ అన్న ఇంగ్లీషు మాట మన దగ్గర ఉందా అని అడిగితే లేదంది. ఉంది. నల్లగొండలో ఏ లేడీస్ టైలర్‌నైనా అడగండి, పిల్లల ఫ్రాకుకు భుజాల మీదుగా ఛాతీ దాకా వచ్చే ముక్కను యోక్ అంటారు, యోక్ నెక్ బ్లౌజ్ అంటారు. మెడ మీద భుజాలకు అడ్డంగా కూర్చునేది కాబట్టి ఆ పేరు. ఐటీఐ ఎలక్ట్రికల్ పిల్లలకు డీసీ మోటారు బయటి చట్రం యోక్. మూలభాష నుంచి జర్మానిక్‌లోకి, పాత ఇంగ్లీషులోకి, ఇప్పటి ఇంగ్లీషులోకి నిండు గీతలో, ఎక్కడా అప్పు లేకుండా వచ్చి, చివరి ఒక్క అడుగులో చుక్కల గీతతో మన కుట్టు మిషన్ దాకా చేరిన మాట ఇదొక్కటే. గుడ్డులో పచ్చసొనను కూడా యోక్ అంటాం, దానికీ దీనికీ ఏ బంధమూ లేదు, అది ఎల్లోకు చుట్టం.

కొట్టేసినవి

యుద్ధం పోయింది. దాని ధాతువు చివర ఉన్నది ధ, మనకు కావాల్సింది గ. యువత పోయింది, అది ఇంగ్లీషు యంగ్, లాటిన్ యువెనిస్‌తో వేరే కుటుంబం, వేరే చార్టు వేసుకుంటే సరదాగా ఉంటుంది. జోగడం, అంటే కూర్చున్నచోట కునికిపాట్లు పడటం, జోగికి చెందదు, "జోగులు నిద్రలో జోగుతారు గదా సార్" అన్నా సరే చెందదు. కాడి సంగతి ఇంకా తేలిక, పని అదే, వస్తువు అదే, కానీ క, డ-లను *యుగొమ్ దగ్గరికి తీసుకెళ్లే దారి ఏ సూత్రంలోనూ లేదు. దేశ్యం, అంటే అచ్చ తెలుగు మాట, అని రాసి పక్కన పెట్టాం.

జోడు దగ్గర ఆమె చాలాసేపు వాదించింది. జోడెడ్లు అంటాం, కాడికి కట్టేది జోడెడ్లనే, హిందీలో జోడ్‌నా అంటే కలపడం, ఇంకేం కావాలి అని. జో దాకా బాగానే ఉంది. మన ధాతువుకు సంస్కృత రూపమైన యుజ్ నుంచి వస్తే చివర గ, జ, క, లేదా అవి అరిగిన రూపం ఉండాలి. డ ఎక్కడిది? సంస్కృత ధాతువుల జాబితా అయిన ధాతుపాఠంలో చివర ట ఉన్న అలాంటి ధాతువు ఒకటి కనిపిస్తుంది గానీ, అది వాడుక భాషలోని జోడ్ లాంటి రూపాన్ని చూసి వెనక్కి తయారుచేసిన ధాతువులా ఉంటుంది. ఆ ట, డ-లకు లెక్క కుదిరేదాకా జోడు చార్టు బయటే. అర్థం ఎంత అతికినట్టున్నా ఒక్క హల్లు తేడా వస్తే ఆగాలి. ఈ పట్టుదల లేకపోతే సాయంత్రానికల్లా ప్రపంచంలోని మాటలన్నీ ఒకే చెట్టుకు కాసేస్తాయి, ఫోన్లలో తిరిగే వ్యుత్పత్తుల్లో జరిగేది అదే.

నొగ

చివరికి మిగిలింది నొగ. ఈ మొత్తం కేసులో నా నిద్ర చెడగొట్టింది ఇదే.

ఆమె తాతతో మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చింది. ఎడ్లు అమ్మి చాలా ఏళ్లయింది, బండి మాత్రం చింతచెట్టు కింద ఉంది. రికార్డింగ్‌లో ముసలాయన ఒక్కో కొయ్యనూ చేత్తో తడుతూ చెబుతున్నట్టు వినిపిస్తుంది. "గిది కాడి బిడ్డా. గీ రెండు నొగలు. ముంగట కాడికి కడ్తరు, ఎన్కకు ఇరుసు మీదికి పోతయి." ఆమె అడిగింది: "తాతా, నొగ అంటె కాడి కాదా? పుస్తకంల అట్లనే ఉన్నది." ఆయనకు కోపం వచ్చింది. "కాడి కాడే, నొగ నొగనే. రెండు ఒకటెట్లయితయి? పుస్తకం రాసినోడు బండి తోలిండా?"

తాత చెప్పింది నిజమే, నిఘంటువు చెప్పిందీ నిజమే. తెలుగు నిఘంటువుల్లో నొగకు బండి పోలుకర్ర అనీ ఉంది, కాడి అనీ ఉంది. కన్నడంలో నొగ అంటే కాడే. తమిళంలో, మలయాళంలో నుకం, తుళులో నుగ, అర్థం కాడి. అంటే పాత అర్థం కాడి అయివుండాలి, తెలుగులో కాడి అన్న వేరే మాట ఆ చోటు ఆక్రమించుకుంటే నొగ వెనక్కి జరిగి కాడికి తగులుకున్న కొయ్య అయింది.

ఇప్పుడు నుకం, నుగ, నొగ పక్కన యుగ పెట్టి చూడండి. మొదటి అక్షరం తప్ప అంతా ఒకటే, అర్థం సహా.

అప్పు కాదు, అచ్చ ద్రావిడమే అనడానికి బలమైన ఆధారం అచ్చులో ఉంది. తరువాతి అక్షరంలో అ ఉన్నప్పుడు తమిళ ఉ-కు తెలుగు, కన్నడాల్లో ఒ రావడం సూత్రం. తమిళం పుకై, తెలుగు పొగ. తమిళం ఉడల్, తెలుగు ఒడలు. అదే వరుసలో నుకం, నొగ. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ద్రావిడ తులనాత్మక పని చదివినవాళ్లకు ఈ సూత్రం పరిచయమే. నిన్న మొన్న తెచ్చుకున్న సంస్కృతం మాటకు ఇలాంటి మార్పు జరగదు, యుగం యుగంగానే ఉంటుంది, ఎవరూ యొగం అనరు. బరో, ఎమెనో తమ ద్రావిడ నిఘంటువులో దీన్ని ద్రావిడ పదాల వరుసలోనే చేర్చారు.

అప్పే అనడానికీ ఆధారం ఉంది. ద్రావిడ భాషల్లో పదం మొదట య, ఞ, న-ల మధ్య రాకపోకలు కొత్త కాదు. తమిళంలో నేను అనడానికి పాతమాట యాన్, ఇప్పటి మాట నాన్. కాబట్టి చాలా పూర్వం ఎవరో యుగ అన్న మాటను విని ఞుగ అన్నట్టు పలికి, అది నుగ అయి, ఆ తర్వాత పైన చెప్పిన అచ్చు మార్పుకు లోనైందంటే కాదనలేం. యుగ నుంచే వచ్చిందని అనుమానించిన పండితులూ ఉన్నారు. అదే నిజమైతే ఈ అప్పు మన మిగతా సంస్కృతం అప్పులన్నిటికన్నా ఎన్నో తరాల ముందుది, తెలుగూ కన్నడమూ పుస్తకాలకెక్కక ముందుది.

మూడో సంగతి ఒకటి నేను కలిపాను. నారాయణపేట, మక్తల్ వైపు వెళితే తెలుగూ కన్నడమూ ఒకే బజారులో మాట్లాడతారు. తెలుగు నొగ, కన్నడ నొగ అక్షరం తేడా లేకుండా ఒకటే కావడం చూస్తే, తెలుగు దాన్ని తల్లి నుంచి కాక పక్కింటి నుంచి తెచ్చుకునే అవకాశమూ వదిలేయకూడదు. అప్పుడు పై అచ్చు సూత్రం కన్నడానికి సాక్ష్యమవుతుంది గానీ తెలుగుకు కాదు.

తీర్పు ఏమిటంటే, నొగను చార్టులో పెట్టించాను గానీ చెట్టుకు కట్టించలేదు. పక్కన వేరే పెట్టె గీసి, అందులో తమిళ, కన్నడ, తుళు రూపాలతో కలిపి, *యుగొమ్ వైపు ప్రశ్నార్థకం పెట్టిన ఒక గీత. పుకై, పొగ వరుస ఒక వైపు, యాన్, నాన్ వరుస ఒక వైపు. నన్ను బలవంతం చేస్తే ద్రావిడం వైపే మొగ్గుతాను, ఎందుకంటే అచ్చు సూత్రం కళ్లముందు ఉంది, య న అయిందన్నది ఊహలో ఉంది. కానీ అర్థమూ, ఉగ అన్న భాగమూ అంత కచ్చితంగా కలవడాన్ని కాకతాళీయం అని కొట్టిపారేసే ధైర్యం నాకు లేదు.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు చార్టు పైనుంచి కిందికి చూసి, ఉద్యోగం, జోగులాంబ అన్నీ దాటేసి, నేరుగా ఆ పెట్టె మీద వేలు పెట్టారట. "ఇదేందమ్మా, తేల్చకుండా వదిలేసినవు?" అని. ఆమె రెండు వైపుల వాదనలూ చెప్పి, తాత రికార్డింగ్ వినిపించింది. పుస్తకం రాసినోడు బండి తోలిండా అన్న చోట ఆయన నవ్వారట, ఆ తర్వాత గోండీలో, కోలామీలో ఏమంటారో చూశావా అని అడిగారట.

మంచి ప్రశ్న. కన్నడంతో రాకపోకలు లేని ద్రావిడ భాషల్లో నుగ లాంటి రూపం కాడి అనే అర్థంతో దొరికితే పక్కింటి అప్పు అన్న నా మూడో మాట బలహీనపడుతుంది, యుగ నుంచి వచ్చిందన్న వాదానికి కూడా ఇంకా వెనక్కి జరగాల్సిన అవసరం పడుతుంది. ఆమె చిన్నాన్న ఉట్నూరు వైపు టీచర్‌గా పనిచేస్తున్నాడు. సెలవుల్లో అక్కడికి వెళ్లి ఎడ్లబండి ఉన్న ఇల్లు చూసుకుని, కాడి, పోలుకర్ర, ఇరుసు, పగ్గం, మెడకు కట్టే పట్టెడ, ఒక్కోదాన్ని చేత్తో ముట్టించి పేరు అడిగి రికార్డు చేసుకు రమ్మన్నాను. నొగ అన్న మాట తను ముందుగా ఎత్తకూడదని కూడా చెప్పాను.